నీలం చీర

మిరప కల్లం నుంచి ఇంటికొచ్చాక కోటేశ్వరి చేతులకు మజ్జిగ రాసి కడుక్కుని, వేలితో తన కనురెప్పను తాకి చూసుకుంటుంది. మండకపోతేనే కూతురు శ్రీరమ్యను దగ్గరకు తీసుకుంటుంది. ఒకప్పుడు ఆమె కోటేష్. భార్య పోయిన కొన్నేళ్లకు చీర కట్టింది. ఇంట్లో కూతురు ఇప్పటికీ "నాన్నా" అనే పిలుస్తుంది. వీధిలో ఏమీ పిలవదు.

బళ్లో పేరెంట్స్ మీటింగుకని ఈసారి నీలం చీర ఇస్త్రీ చేయించుకుంది. అది చూసి శ్రీరమ్య తల దించుకుంది.

"రేపు నాయనమ్మ వస్తుందిలే నాన్నా."

"మీ నాయనమ్మకేం తెలుసే నీ చదువు సంగతి?"

"తెలీకపోయినా, ఆమెను చూసి ఎవరూ నవ్వరుగా."

"నాకు మంచి చీరెక్కడుందిరా?" అంది మంచం మీంచి కోటేశ్వరి తల్లి సుబ్బరావమ్మ.

మర్నాడు పొద్దున్నే కోటేశ్వరి ఆ నీలం చీర తల్లికి కట్టి, నేల మీద కూర్చుని కుచ్చిళ్లు సర్దింది.