చివరి కామా తర్వాత

మడికొండ ఐటీ పార్కులో ఉద్యోగం అంటే, నేనేదో కంప్యూటర్లు తయారు చేస్తానని మా వాడలో అందరూ అనుకుంటారు. నా పని అంత గొప్పదేమీ కాదు. సర్వేవాళ్లు ఊళ్లు తిరిగి తెచ్చిన వివరాలు మా ఆఫీసులో లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. ఆ సాఫ్ట్‌వేర్ అందరి దగ్గరా ఉండదు. అందుకని అడిగినవాళ్లకు ఆ వివరాలను మామూలు టెక్స్ట్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి పంపాలి. మనిషికి ఒక వరుస, ఒక జవాబుకూ ఇంకో జవాబుకూ మధ్య ఒక కామా. జవాబు లేకపోతే ఆ చోట ఏమీ ఉండదు, కామా మాత్రం ఉంటుంది.

మా నాన్నకు, అదే బాపుకు, ఒకసారి అలాంటి ఫైల్ చూపించాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మగ్గం మీద బతికినవాడు, దేన్నయినా గుడ్డ లెక్కనే చూస్తాడు. కళ్లద్దాలు పైకి జరుపుకుని, "పడుగు మంచిగనే ఉన్నది బిడ్డా, పేకనే జర వదులైంది" అన్నాడు. నా చదువుకు అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకు ఎవరూ ఇవ్వలేదు.

నిరుడు మా వాడకు ఊపిరి పరీక్షలవాళ్లు వచ్చారు. నూలు దుమ్ము నేతపనివాళ్ల ఊపిరితిత్తులను ఎంత తినేసిందో చూసే సర్వే అది. నేతసంఘం గదిలో కుర్చీ వేసి, గొట్టం నోట్లో పెట్టుకుని బలమంతా పెట్టి ఊదమన్నారు. బాపు గొట్టం పెట్టుకున్నాడు, బుగ్గలు గుంటలు పడేలా పీల్చాడు. మిషన్‌లో ఏమీ రాలేదు. ఊదాలని మళ్లీ చెప్పారు. మళ్లీ పీల్చాడు.

అది మావాళ్ల అలవాటు. పేక నూలు చుట్టిన కండెను నాడెలో, అంటే పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే కొయ్యలో పెట్టి, నాడె రంధ్రానికి నోరు ఆనించి గట్టిగా పీలిస్తే పోగు బయటికి వస్తుంది. పోగుతో పాటు దుమ్ము గొంతులోకి పోతుంది. కండె అయిపోయినప్పుడల్లా ఇదే పని. ఆ రోజు ముసలివాళ్లు ఇంకొందరు కూడా అట్లాగే పీల్చారు. మేమంతా పొట్టలు పట్టుకుని నవ్వాం. బాపు కూడా నవ్వబోయి దగ్గులో పడ్డాడు. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. పరీక్ష చేసే అమ్మాయి భయపడి, మళ్లీ వచ్చినప్పుడు చూద్దామని ఆ గడి ఖాళీగా వదిలేసింది.

"నోటికి గొట్టం తగిలితె పీల్చుడే ఎరుక నాకు" అన్నాడు ఇంటికి వచ్చాక. "ఊదుడు ఎవ్వలు నేర్పిన్రు?"

వాళ్లు మళ్లీ వచ్చేనాటికి బాపు లేడు. వానాకాలంలో ఆయాసం ఎక్కువైతే దవాఖానలో చేర్చాం, తిరిగి తెచ్చుకోలేదు. అక్కడ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెడుతుంటే నావైపు చూసి, ఇది పీల్చేదా ఊదేదా అని అడిగి కన్ను గీటాడు.

ఆ సర్వే పోయిన నెల నా టేబుల్ మీదికే వచ్చింది. పేర్లు ముందే తీసేశారు. అయినా బాపును పట్టుకోవడం ఎంతసేపు? ఈ పని ఎన్నాళ్ల నుంచి చేస్తున్నావంటే, వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని కండెలు చుట్టిన నాటి నుంచి లెక్క చెప్పే మొండిమనిషి మా వాడలో ఆయనొక్కడే. ఆయన వయసుకూ, పని చేసిన ఏళ్లకూ పెద్ద తేడా లేదు.

ఊపిరి లెక్క లేనివాళ్లను వదిలేసి, మిగతావాళ్లనే ఎక్స్‌పోర్ట్ చెయ్యమన్నాడు మా సార్. కమాండ్ చివర ఒక చిన్న షరతు పెడితే అయిపోతుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

"ఊదలేనోళ్లనే తీసేసినంక ఇగ ఊపిరి సర్వే అని ఎందుకు సార్?" అన్నాను.

సార్ చెడ్డవాడు కాదు. అవతలివాళ్లు నిండిన వరుసలే అడిగారనీ, ఖాళీలుంటే ఫైల్ వాపస్ వస్తుందనీ నెమ్మదిగా చెప్పాడు. నేను ఇంకా ఏదో అన్నాను, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. అందులో మా బాపు ఉన్నాడని మాత్రం చెప్పలేదు. జాలిపడతాడు, ఆ జాలికి ఫైల్ మారదు.

కమాండ్ కొట్టి, ఫైల్ నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. బాపు ఉండాల్సిన చోట పై వరుసా కింది వరుసా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. గుడ్డలో పోగు తెగితే సందు కనబడుతుంది, కనీసం వేలికి తగులుతుంది. ఇక్కడ అదీ లేదు. పళ్లు కొరుక్కుని పంపించేశాను.

తర్వాత సార్‌ను అడిగే, షరతు తీసేసి అందరితో ఇంకో ఫైల్ తీశాను. ఎవరైనా అడిగితే ఇద్దాం, ఉంచుకో అన్నాడు. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. అందులో బాపు ఉన్నాడు. వాడ, వయసు, మగ్గం మీద ఏళ్లు, బీడీ అలవాటు లేదు, ఆఖరికి ఒక కామా. అందరికీ ఊపిరి అంకె ఉన్న చోట బాపుకు ఏమీ లేదు. కర్సర్ తీసుకెళ్లి అక్కడ పెట్టాను. ఒక అంకె కొడితే నిండిన వరుస అవుతుంది, ఎవరికీ తెలియదు. చేతులు రాలేదు. ఊదని మనిషిని ఊదాడని ఎట్లా రాయను?

ఇంటికి వెళ్లేసరికి అమ్మ బియ్యం ఏరుతోంది. సర్వే పంపావా అని అడిగింది. పంపానన్నాను. బాపుది కూడా పోయిందా అంది. ఊదలేదు కదా అమ్మా, అందుకని తీసేశారని చెప్పాను.

అమ్మ చేతిలో బియ్యం అట్లాగే పట్టుకుని నన్ను చూసింది.

"ఊదకపాయె, గానీ పీల్చిండు గదనే బిడ్డా. బతికినన్ని దినాలు పీల్చిండు. అది రాసుకోరా ఆళ్లు?"

దానికి గడి లేదమ్మా అని చెప్పబోయి, అమ్మ ఒళ్లో తల పెట్టి ఏడ్చాను.