తాయీ పిడకల గూళ్లు, మా రాణి పచ్చిక

మా చిన్నప్పుడు ఫరీదాబాద్‌లో తొలి వాన పడిందంటే... పిల్లలంతా కాగితం పడవలు వదిలేవాళ్లు. నేను మాత్రం క్వార్టర్ల వెనక బీడులోకి ఒకటే పరుగు! చెప్పులు కూడా ఉండేవి కావు! గరిక మొలిచిందో లేదోనని తడినేల మీద బోర్లా పడుకుని చూసేదాన్ని...

ఎందుకంటారా? మా రాణి కోసం!

రాణి మా ఆవు. నాన్న ఫ్యాక్టరీలో ఫిట్టరు. మేం ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్లం. పాడి లేకపోతే అమ్మకది ఇల్లే కాదు. ఒక ఏడాది ఎండలకి బీడంతా బోడిగుండైపోయింది. పక్క ఊరి గేదెలు, క్వార్టర్ల మేకలు, మా ఆవు... అన్నీ రోజూ అక్కడే! చూడితో ఉన్న రాణికి పక్కటెముకలు తేలిపోయాయి. "దసరాకల్లా మేత దొరక్కపోతే అమ్మేద్దాం. దాన్ని పస్తులు పెట్టి చంపడం కంటే అదే మేలు" అనేశాడు నాన్న.

అమ్మ ఊరుకుంటుందా!

"గరిక తలెత్తకముందే కొరికేస్తుంటే ఇంకేం పెరుగుద్దండీ? నేలకి కూడా విశ్రాంతి ఇవ్వాలని బైబిల్లో ఉందని మీరేగా చదివి వినిపించారు! సగం బీడు మూసేద్దాం. గరిక పూతకొచ్చేదాకా ఏ గొడ్డూ అడుగు పెట్టకూడదు."

ఆ సగానికి ఒకవైపు ఫ్యాక్టరీ గోడ, ఇంకోవైపు లోతైన కాలువ. దారి ఒక్కటే. అమ్మ సర్కారు తుమ్మ కంప నరికి దారికి అడ్డంగా దడి కట్టింది. తెల్లారేసరికి దడి లేదు! ఎవరి పొయ్యిలోకో వెళ్లిపోయింది! మళ్లీ కట్టింది... మళ్లీ మాయం! మన వైపు అది ముళ్లకంప అండీ, అక్కడ వంటచెరుకు!

పైగా తాయీ వచ్చింది యుద్ధానికి. ఆ పక్క ఊరి గేదెలన్నిటికీ పెద్ద దిక్కు ఆవిడే. అసలు పేరెవరికీ తెలీదు, తాయీ అంటే పెద్దమ్మ, ఊరందరికీ పెద్దమ్మే. నడుం మీద చెయ్యి పెట్టి, "అరీ మద్రాసన్! జమీన్ తేరే బాప్ కీ సై కే?" అని ఒక్క అరుపు. నేల నీ అబ్బ సొత్తా అని! దక్షిణాదివాళ్లంతా వాళ్లకి మద్రాసోళ్లే!

మా అమ్మ తక్కువ తిందా? వచ్చీరాని హిందీలో, "బాప్ కా నహీ తాయీ, భగవాన్ కా! ఘాస్ బడా హోనే దో... పహలా దిన్, పహలే ఆప్ కా భైంస్!" అంది. గడ్డి ఎదగనివ్వు, మొదటి రోజు నీ గేదెలే ముందు అని.

తాయీ చుట్టూ చూసింది, వెళ్లిపోయింది. అయిపోయింది, రాణి పోయినట్టే అనుకున్నాను...

మర్నాడు చూద్దును కదా! దారికి అడ్డంగా తాయీ తన కోడళ్లతో బిటోరాలు కడుతోంది! బిటోరా అంటే పిడకల గూడు. వానలు ముదిరేలోగా ఎండు పిడకల్ని గుడిసెలా పేర్చి, పైన మట్టీ పేడా కలిపి అలికి, వేళ్లతో నెమళ్లూ పూలూ గీస్తారు. ఆ ఊళ్లో ఒకామె బిటోరా మీద ఇంకొకామె చెయ్యి వేసిందా... ఇక తరతరాల పగే! ముళ్లకంపకి భయపడనివాళ్లు తాయీ నెమళ్లకి భయపడ్డారు!

ఇక చూడండి! వాన మీద వాన... నా చీలమండ దాటింది గరిక, పిక్క దాటింది, పూత వేసింది! మొదటి మనిషికి తోట అప్పగించినప్పుడు దేవుడు తినమని మాత్రమే కాదు, కాయమని కూడా చెప్పాడు. ఆ రెండో మాట ఎంతమందికి గుర్తుందండీ? నేను దాన్ని ఏ బోధకుడి దగ్గరా నేర్చుకోలేదు, ఆ బీడులో నేర్చుకున్నాను!

తెరిచే రోజు... అబ్బ! పచ్చి మేత మీద ఒక్కసారిగా పడితే కడుపుబ్బుతుందని అమ్మ ముందే రాణికి ఎండుగడ్డి వేసింది. తాయీ ఒక గూడు విప్పి దారి తీసింది, ఆవిడ గేదెలు బారులు తీరాయి. మాట మాటే, ముందు వాళ్లవే. మేం పక్కన నిలబడ్డాం.

తాయీ రాణి వైపు చూసింది. అన్నిటికన్నా ముందున్న తన గేదె మూతి మీద కర్రతో ఒక్కటి వేసి వెనక్కి నెట్టింది. "పేట్ సే సై బిచారీ... పహలే యో!" కడుపుతో ఉంది పాపం, ముందు ఇది!

నేను పలుపు వదిలేశాను. రాణి పచ్చికలో తల దించింది. ఆ పరపర శబ్దం... ఇప్పటికీ నా చెవుల్లో ఉంది!

దసరా వచ్చింది, వెళ్లింది. నాన్న అమ్మకం మాట మళ్లీ ఎత్తలేదు. రాణి ఈనింది. మిరియం, బెల్లం వేసి అమ్మ వండిన జున్ను తిని తాయీ కళ్లెర్రజేసింది... "మద్రాసన్, మీఠే మే భీ మిర్చ్!" తీపిలో కూడా కారమా అని! గిన్నె మాత్రం ఖాళీ చేసే ఇచ్చింది!

మొన్న వెళ్లి చూశాను... బీడు ఉన్నచోట అంతస్తుల మీద అంతస్తులు. కింద కత్తిరించిన పచ్చిక, దానికో బోర్డు: నడవరాదు. ఏ చూడి ఆవు కోసం కాస్తున్నారో!

మీ ఇంట్లో ఏ పశువు కోసమైనా అలా పచ్చిక కాశారా? దాని పేరైనా చెప్పండి... మనసారా ఒకసారి పిలుస్తాను.