కచ్రా డబ్బాలో పెళ్లి కార్డులు

మా తమ్ముడి పెళ్లి కార్డు నేనే తయారు చేశాను. తొంభైల చివర్లో కరీంనగర్‌లో, కోర్టుకు దగ్గర ఒక డీటీపీ సెంటర్‌లో పని చేసేదాన్ని. ఊళ్లో కంప్యూటర్లున్న దుకాణాలు ఇంకా కొన్నే. పెళ్లి కార్డులు, వకీళ్ల కాగితాలు, బట్టల దుకాణాల కరపత్రాలు, దశదినకర్మ కార్డులు అన్నీ మా దగ్గరికే వచ్చేవి. మాకు రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు ఉండేవి. దుకాణం ఆయన్ని అందరం సేటు అనేవాళ్లం.

తమ్ముడు కొండగట్టు దగ్గర మా ఊళ్లో బాపుతో కలిసి వ్యవసాయం చేసేవాడు. నాన్నను బాపు అనీ అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. చెన్నూరు పిల్లతో సంబంధం కుదిరింది. అంతకుముందు దేని గురించీ పట్టించుకోనివాడు, కార్డు దగ్గరికి వచ్చేసరికి మారిపోయాడు. ప్రతిసారీ బస్సెక్కి వచ్చి నా పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఒకరోజు పైన వెంకటేశ్వరస్వామి బొమ్మ తీసేసి ఆంజనేయస్వామిని పెట్టమన్నాడు.

"పెండ్లి కార్డు మీద ఆంజనేయుడేందిరా? ఆయిన పెండ్లి చేసుకోనే లేదు" అన్నాను.

"గట్ల గాదక్కా. రోజు పొద్దుగాల లేస్తె కనవడేది గా అంజన్న గుట్టనే. ఆయినకు చెప్పకుంట నేనెట్ల చేసుకుంట?"

సరేనని పెట్టాను. నాలుగు రోజులకు మళ్లీ వచ్చాడు. అతని పేరు పెద్ద అక్షరాల్లో, పిల్ల పేరు కాస్త చిన్నగా ఉంది. మేము అందరికీ అలాగే చేసేవాళ్లం.

"ఆమె పేరు గూడ గంతే పెద్దగ పెట్టు" అన్నాడు.

"ఆమె అడిగిందా?"

"ఆమె ఏమడగలే. నాకే మంచిగనిపిస్తలేదు."

మార్పు చేసినప్పుడల్లా పాతదాన్ని ఉంచి కొత్త ఫైలు చేసేదాన్ని. మళ్లీ పాతదే బాగుందంటాడేమోనని. వాటికి ఇంగ్లీషు అక్షరాల్లో తమ్ముడు అని, పక్కన అంకె వేసి పేర్లు పెట్టాను.

కార్డులు అచ్చయ్యాయి. మూలలకు పసుపు రాసి దగ్గరివాళ్లకు పంచడం మొదలుపెట్టారు. అప్పుడే ఒక పొద్దున తమ్ముడు మోటారు పెట్టడానికి పొలానికి పోయాడు. రాత్రి వాన పడి స్టార్టర్ డబ్బా తడిసి ఉంది. దాన్ని ముట్టుకున్నాడు. పక్క పొలం వాళ్లు చూసేసరికి ప్రాణం లేదు.

అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చే ఉంటాను. నాకు గుర్తున్నది మాత్రం వాకిట్లో వేసిన టెంటు ఒక పక్క చిరిగి ఉండటం, దాన్ని ఎవరైనా కుడితే బాగుండని అనుకోవడం. అస్థికలు ధర్మపురిలో గోదావరిలో కలిపినప్పుడు మిగిలిన పెళ్లి కార్డుల కట్ట కూడా బాపు నీళ్లలో వదిలాడట.

దశదినకర్మ కార్డు గురించి బాపు మొహమాటపడుతూ అడిగాడు.

"వేరే దుకాణంల కొట్టిపిద్దామా బిడ్డా?"

"ఎందుకు బాపూ? నేనే కొడుత."

పెళ్లి సంబంధం కోసం తీయించుకున్న ఫోటోనే స్కాన్ చేశాను. మ్యాటర్ మా దగ్గర ఎప్పుడూ తయారుగా ఉండేదే. పేరు, ఊరు, తేదీ మార్చాను. ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుని ప్రింటు తీశాను. సేటు నా వైపు చూడకుండా కాగితం అందుకున్నాడు.

దినాలు అయ్యాక పనిలోకి వచ్చాను. ఇంట్లో ఉండి చేసేదేమీ లేదు. రెండు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కంప్యూటరు డిస్కు నిండిందని చెప్పి ఆగిపోయింది. ముందు రోజు జాగా కోసం సేటు చేతికి దొరికిన ఫైళ్లన్నీ తీసేశాడు. అవన్నీ తెర మీద ఉండే చెత్తబుట్ట బొమ్మలోకి పోయి, జాగాను అలాగే పట్టుకుని ఉన్నాయి. దాన్ని సేటు కచ్రా డబ్బా అనేవాడు. దాన్నీ ఖాళీ చేస్తే తప్ప జాగా రాదు. ఖాళీ చేస్తే ఇక ఏదీ తిరిగి రాదు.

"ఒక్కసారే ఖాళీ చెయ్యకమ్మా. తొందరల అన్ని పడేసిన. గందుట్ల ఎవలయేమున్నయో నాకు ఎర్క లేదు. జర ఒక్కొక్కటి చూసి తియ్యి" అన్నాడు.

నేను కూర్చున్నాను. ఆ డబ్బాలో ఉన్న ఫైలు తెరుచుకోదు, పేరు మాత్రమే కనిపిస్తుంది. పేర్లు పెట్టింది నేనే కాబట్టి ఏది ఎవరిదో నాకు తెలుసు. ఒక బడి వార్షికోత్సవం పుస్తకం ఇంకా అచ్చుకు పోలేదు, దాన్ని వెనక్కి తెచ్చాను. ఒక వకీలు కాగితాలు కూడా వెనక్కి తెచ్చాను. మిగతావి తీసేస్తూ పోయాను. ఒక్కోదానికీ నిజంగా తీసేయాలా అని అడుగుతుంది. అవును అని నొక్కాలి. ఎరువుల దుకాణం కరపత్రం, అవును. ఎవరిదో గృహప్రవేశం, అవును.

తమ్ముడు ఒకటి వచ్చింది. అవును అన్నాను. తమ్ముడు రెండు, అవును. వరుసగా వస్తూనే ఉన్నాయి. నా చెయ్యి ఆగలేదు. ఆంజనేయుడున్నది ఏదో, పేర్లు సమానంగా ఉన్నది ఏదో అనే ఆలోచన కూడా రాలేదు. అవి ఫైళ్లు, డిస్కు నిండింది, అంతే.

సేటు ఎప్పుడు వచ్చాడో, వెనక నిలబడి ఉన్నాడు.

"గవన్న ఉండనియ్యమ్మా" అన్నాడు మెల్లగా.

"ఉంచి ఏం జేస్తం సేటూ? అయిపోయిన కార్డులే గదా."

ఆయన ఛాయ్ చెప్తానని బయటికి పోయాడు. దశదినకర్మ ఫైలు కూడా ఆ డబ్బాలోనే ఉంది. అందులో ఫోటో ఉండటం వల్ల అన్నిటికంటే అదే పెద్దది. అది తీసేశాక డిస్కులో జాగా బాగా పెరిగింది. ఛాయ్ వచ్చింది, తాగాను. బడి పుస్తకం పని మొదలుపెట్టాను.

ఎండాకాలంలో చెన్నూరు పిల్ల దుకాణానికి వచ్చింది. వాళ్ల అవ్వను కంటి దవాఖానలో చూపించడానికి తీసుకొచ్చిందట. ఆమెను ఓపీలో కూర్చోబెట్టి, అడుగుతూ అడుగుతూ నన్ను వెతుక్కుంది. గుమ్మంలో నిలబడి, "వదినె, బాగున్నవా?" అంది. వదినె అనాలో వద్దో తెలియక ఆ మాట సగం మింగింది.

కూర్చోమన్నాను. కాసేపు ప్రింటరును చూసింది.

"ఒక్క కార్డు ఉంటె ఇస్తవా? మా ఇంట్ల ఉన్నయన్ని మా బాపు పొయ్యిల పెట్టిండు. నాకు ఒక్కటన్న మిగలలే."

"మా ఇంట్ల గూడ లెవ్వు. గోదాట్ల ఏసిండ్రు."

"గీ కంప్యూటర్ల ఉండదా?"

"తీసేసిన."

"తీసేస్తె మల్ల రాదా?"

"రాదు."

ఆమె ఏడవలేదు. లేచి పోనూ లేదు. చేతి సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చేతిలో ఉన్న పని ఆపి, కొత్త పేజీ తెరిచి మొదటినుంచి కొట్టడం మొదలుపెట్టాను. ముహూర్తం, మంటపం, విందు, ఏ బస్సెక్కి ఎక్కడ దిగాలో అన్నీ నా వేళ్లకు గుర్తున్నాయి. వాళ్ల ఇంటిపేరు దగ్గర మాత్రం ఆగి అడగాల్సి వచ్చింది. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని తెర మీద ఒక్కో అక్షరం చదువుకుంది.

"పైన హనుమాండ్లు ఉండె గదా" అంది.

నేను అలవాటు కొద్దీ వెంకటేశ్వరస్వామిని పెట్టేశాను. మార్చాను. ప్రింటు తీసి ఇస్తే, ఆరిందో లేదో వేలితో చూసి, మడవకుండా సంచీలో నిలువుగా పెట్టుకుంది.

"అవ్వ ఒక్కతే ఉన్నది, పోత" అని వెళ్లిపోయింది.

మరుసటి ఏడు ఆమె పెళ్లి అయింది. వాళ్ల బాపు స్వయంగా వచ్చి మా వాళ్లను పిలిచాడు. మా అవ్వ రానంది. నేనూ బాపూ పోయాం. అక్షింతలు వేశాం. బంతిలో కూర్చుని బాపు పప్పు రెండోసారి అడిగి వేయించుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మంచిర్యాల దాటాక నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.

ఇంటికి చేరేసరికి అవ్వ వాకిలి ఊడుస్తోంది.

"పెండ్లి పిలగాడు ఎట్లున్నడే?" అని అడిగింది.

"మంచిగున్నడు" అన్నాను. నేను అతని మొహం చూడనే లేదు.

అవ్వ తలూపి, మిగిలిన వాకిలి ఊడ్చింది.