ఎడమకు గుంజే బండిలో నాందేడుకు

మా ఊరి నుంచి నాందేడు వెళ్లడానికి బస్సు ఉంది. బిలోలిలో ఎక్కితే రెండు గంటల్లో దింపేస్తుంది, కిటికీ పక్కన చోటు దొరికితే ఒక కునుకు కూడా తీయవచ్చు. నేను ఆ బస్సు కాదనుకుని సొంత కారులో వెళ్లాను, అదీ బ్రేకు నొక్కితే ఎడమకు గుంజే కారులో. ఎందుకు వెళ్లవలసి వచ్చిందో ముందు చెప్పాలి.

కారు పాత డీజిల్ అంబాసిడర్. రెండేళ్ల కిందట ఎద్దుల జత అమ్మి, ఇంకొంత కలిపి కొన్నాను. నాకు నడపడం వచ్చునంటే వచ్చు, అంతే. అందుకని మా ఊరి సాయిలును డ్రైవరుగా పెట్టుకున్నాను. సాయిలు ఒకప్పుడు తాగేవాడు. బిడ్డ పుట్టిన రోజున మానేశాడు, అలా మానేసి నాలుగేళ్లయింది. ఈసారి ఎద్దులకు చేసే పొలాల పండుగ అయిన ఐదో రోజున నన్నూ మా ఆవిడనూ నర్సీ దవాఖానకు తీసుకెళ్తుంటే గొర్రెలు అడ్డం వచ్చాయి. సాయిలు బ్రేకు కొట్టాడు. బండి రోడ్డు దిగి మైలురాయికి గుద్దుకుంది. మా ఆవిడ నుదుటికి మూడు కుట్లు పడ్డాయి.

"బండి ఎడమకు గుంజింది పటేలా" అన్నాడు సాయిలు. నేను వినిపించుకోలేదు. తాగి నడిపావని అక్కడే అన్నాను, ఊళ్లోకి వచ్చి నలుగురిలోనూ అన్నాను. వాసన వచ్చిందని కూడా అన్నాను. బిలోలిలో ఇద్దరు మిస్త్రీలకు బండి చూపించాను. ఎడమకు గుంజిందట అని నేను చెబితే ఇద్దరూ ఎడమ చక్రమే విప్పారు. లోపల అంతా బాగానే ఉందన్నారు. అంతే, సాయిలును మాన్పించేసి బండిని కొట్టంలో పెట్టించాను.

నెల తర్వాత ఒక సాయంత్రం అతను మా వాకిట్లో నిలబడ్డాడు.

"ఒక్కసారి నాందేడ్ల ఖాజా మిస్త్రీకి సూపిద్దాం పటేలా. తప్పు నాదేనని ఆయనంటే మల్ల మీ వాకిలి తొక్క. బండిదంటే మా ఇంటికచ్చి ఒక్క మాట చెప్పుండ్రి. నా పెండ్లాం నెల సంది నాతోని మాట్లాడుతలేదు. నా మాట కాదని మీ మాట నమ్మింది."

మర్నాడు పొద్దున ఆరుంబావుకు బయలుదేరాం. స్టీరింగు దగ్గర నేనే కూర్చున్నాను. సాయిలు పక్కన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఊరి బయట బర్రెలు ఎదురైతే బ్రేకు నొక్కాను. ఎవరో ముక్కుతాడు పట్టి లాగినట్టు బండి ఎడమకు పోయింది. సాయిలు నా వైపు చూడలేదు. నేనేమో రాతికి గుద్దుకున్నాక వచ్చిన జబ్బయి ఉంటుందని మనసులో సర్ది చెప్పుకున్నాను.

ఏడూ నలభైకి నర్సీ చేరాం. అప్పటికే భుజాలు పడిపోయాయి. బస్టాండు ఎదుట అటుకుల పోహా, చాయ్. పోహా బాగుంది, చాయ్ పాకంలా ఉంది, ఈ దారిన వచ్చేవారు చక్కెర తక్కువ వేయమని ముందే చెప్పుకోవాలి. అక్కడ తెలిసిన పాత తలాఠీ ఒకాయన నాయగావ్ దాకా వస్తానని ఎక్కాడు. ఒకప్పుడు మా ఊరి భూముల లెక్కలన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. కాసేపు నన్నూ సాయిలునూ మార్చి మార్చి చూశాడు.

"డ్రైవర్ పక్కన కూసున్నడు, మాలక్ నడుపుతున్నడు. గిదేం తరీఖా?"

నేను గేరు మార్చి బండి ముందుకు పోనిచ్చాను. నాయగావ్‌లో దిగుతూ ఆయన నన్ను వదిలేసి సాయిలుకే రాంరాం చెప్పి వెళ్లాడు.

అక్కడి నుంచి వాన. నల్లరేగడి బురద ట్రాక్టర్లతోపాటు రోడ్డెక్కింది. బ్రేకు కొట్టే అవసరం వస్తుందేమోనన్న భయంతో ఎద్దుబండిలా నడిపాను, వెనక వచ్చిన ప్రతి లారీ నన్ను తిట్టే దాటింది. గోదావరి వంతెన దాటేసరికి పదీ నలభై. బస్సు దాకా ఎందుకు, సైకిల్ మీద వచ్చినా ఇంత అలసిపోయేవాణ్ని కాదు.

ఖాజా మిస్త్రీ గ్యారేజి దెగ్లూర్ నాకా దగ్గర ఒక చిన్న రేకుల షెడ్డు. మాకంటే ముందు మూడు జీపులున్నాయి. గడ్డం నెరిసిన మనిషి, తల ఎత్తకుండానే "ఒంటి గంటకు రాండ్రి" అన్నాడు. రిక్షాలో గురుద్వారాకు వెళ్లి వచ్చినవారందరికీ ఊరికే అన్నం పెట్టే లంగరులో కూర్చున్నాం. రొట్టె, పప్పు, పాయసం వేడిగా పెట్టారు. నాందేడు వచ్చినవారు హోటలు వెతుక్కునే పని పెట్టుకోనక్కర్లేదు. పంక్తిలో నా పక్కన కూర్చున్న లారీ డ్రైవరు సంగతంతా విని, ఎడమ చక్రం మార్పించేయమని హిందీలో సలహా ఇచ్చాడు. సాయిలు నాకు ఎదురు వరుసలో కూర్చున్నాడు. రొట్టె తుంచి చేతిలో పట్టుకున్నాడే కాని నోట్లో పెట్టుకోలేదు. నాకు అలసట తప్ప ఇంకేమీ లేదు, అతని సంసారం మాత్రం ఆ షెడ్డులో వరుసలో నిలబడి ఉంది.

ఒకటిన్నరకు మా వంతు వచ్చింది. ఖాజా మిస్త్రీ పానా ముట్టుకోలేదు. ముందు బండి తీసుకుని మమ్మల్ని ఎక్కించుకున్నాడు. ఖాళీగా ఉన్న రోడ్డు మీద స్టీరింగు వదులుగా పట్టుకుని నాలుగుసార్లు బ్రేకు కొట్టాడు. నాలుగుసార్లూ ఎడమకే. తిరిగొచ్చాక దిగి ముందు చక్రాల దగ్గర వంగి, ఇటు ఒక చెయ్యి, అటు ఒక చెయ్యి పెట్టి చూశాడు.

"సేఠ్, మీరు గూడ చెయ్యి పెట్టుండ్రి."

ఎడమ చక్రం చెయ్యి పెట్టలేనంత కాలిపోతోంది. కుడిది చల్లగా ఉంది.

"ఎడమది మంచిగ పట్టుతున్నది. కుడిది పట్టుతనే లేదు. అందుకే బండి ఎడమకు పోతున్నది. అందరు ఎడమది ఇప్పిండ్రు గదా? తప్పు కుడి దిక్కున్నది."

ఇంత చిన్న సంగతి నెల రోజులుగా ఎవరికీ తట్టలేదు. కుడి చక్రం విప్పి, బ్రేకును కప్పి ఉండే డ్రమ్ము ఊడదీశాడు. లోపల చక్రాన్ని పట్టి ఆపే బ్రేకు లైనింగు జిడ్డుతో నల్లగా మెరుస్తోంది. వేలితో తీసి వాసన చూశాడు.

"ఇది బ్రేక్ ఆయిల్ గాదు, ఆముదం." చక్రం వెనక రేకుకున్న చిన్న రంధ్రం దగ్గర గీకి వేలు నా ముందు పెట్టాడు. "గీ పసుపేంది? బండికి పెండ్లి చేసిండ్రా?"

మా వైపు పొలాల పండుగ ముందునాటి సాయంత్రం ఎద్దుల మెడకు నెయ్యీ పసుపూ కలిపి రుద్దుతాం. ఏడాదంతా కాడి మోసిన మెడ కదా. నాకు ఎద్దులు లేవు. మొన్నటి పండుగకు చేతులు ఊరికే ఉండలేక, వాటిని అమ్మి కొన్న బండి దగ్గరికి వెళ్లాను. నెయ్యి దండగని ఆముదంలో పసుపు కలిపాను. కొట్టంలో ఎడమ చక్రం గోడకు ఆని ఉండడంతో కుడి చక్రానికే రుద్దాను. అది కొన్నాళ్లుగా కీచుమంటోంది కూడా. వెనక రంధ్రం కనబడితే, బండి ఇరుసుకు పోసినట్టు మిగిలిన ఆముదమంతా అందులో పోశాను. పోస్తూ మంచి పని చేశాననే అనుకున్నాను.

"నేనే పోసిన" అన్నాను.

"ఎప్పుడు?"

"పొలాల పండుగకు ముందు రోజు."

మైలురాయికి గుద్దుకున్నది పండుగ తర్వాత. లెక్క చెప్పమని ఎవరూ అడగలేదు. సాయిలు షెడ్డు బయటికి నడిచి, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. అతని వీపు కదులుతోంది. నాకు సిగ్గేసింది.

"ఎద్దు మెడకు నూనె మంచిదే సేఠ్" అన్నాడు ఖాజా మిస్త్రీ మెల్లగా. "బ్రేకుకు సుక్క గూడ తాకద్దు."

డ్రమ్ము పెట్రోలుతో కడిగాడు. ఒక దిక్కే మారిస్తే మళ్లీ గుంజుతుందని రెండు వైపులా కొత్త లైనింగు వేశాడు. ఆ రంధ్రానికి రబ్బరు మూత పెట్టి, ఇది తీయొద్దని నాకు చూపించి చెప్పాడు. నాలుగుంబావుకు బండి తయారైంది. తాళం చెవి సాయిలు చేతిలో పెట్టాను. తీసుకుని స్టీరింగు దగ్గర కూర్చున్నాడు.

తిరుగు ప్రయాణంలో వాన లేదు. వంతెన దాటాక సాయిలు వెనకా ముందూ చూసి, స్టీరింగు మీద నుంచి చేతులెత్తి బ్రేకు నొక్కాడు. బండి గీత గీసినట్టు నిలిచింది. నాయగావ్‌లో ఆగలేదు. నర్సీ దాటాక ఆ మైలురాయి వచ్చింది. అతను వేగం తగ్గించలేదు, నేను తల తిప్పుకున్నాను. దారంతా చెప్పవలసిన మాటను పది రకాలుగా కూర్చుకున్నాను, ఒక్కటీ నిలవలేదు.

ఏడవుతుండగా ఊరు చేరాం. బండి మా ఇంటి ముందు ఆపాడు.

"మీ ఇంటికి పోనియ్" అన్నాను.

"ఆ సందుల బండి తిరగది పటేలా. నడవాలె."

నడిచాం. ఆ రోజు తిరిగినదంతా ఒక ఎత్తు, ఆ సందు ఒక ఎత్తు. సాయిలు భార్య గంగామణి గడపలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేచి కొంగు నెత్తిన కప్పుకుంది. సాయిలు ఆమెకు దూరంగా గోడ పక్కన ఆగాడు.

"గంగామణీ, ఆ రోజు సాయిలు తాగలే. బ్రేకుల ఆముదం పోసింది నేను. వాసన అచ్చిందన్న గదా, అది అబద్ధం."

ఆమె చాటను గడప పక్కన పెట్టింది.

"నలుగుర్ల అన్నరు గదా పటేలా. గీ మాట గూడ నలుగుర్ల అంటరా?"

"అంట. పొద్దుగాల చావడి కాడ అంట."

ఆమె లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చింది. నన్ను దాటి గోడ దగ్గరికి వెళ్లి సాయిలు చేతికి ఇచ్చింది. అతను నిదానంగా తాగాడు. నాకూ గొంతు ఎండిపోయి ఉంది. నా వంతు వచ్చేదాకా నిలబడ్డాను.