కొత్త గిటార్‌కు ముసలితనం

బుద్ధి ఉన్నవాడెవడూ కన్నతండ్రి బోనస్‌తో కొనిచ్చిన కొత్త గిటార్‌ను ఉప్పుకాగితంతో గీకడు. నేను గీకాను. దాని పుణ్యాన ఒక దుకాణం ముందు ధర్నా జరిగింది, ఒక పెళ్ళి పందిట్లో పాట మధ్యలో ఆగిపోయింది, నా ఉద్యోగం మొదటిరోజే ఊడినంత పనైంది. ఇంత జరిగినా గీకడం తప్పని మాత్రం నేను ఒప్పుకోను. ముందు మీరు నవ్వడం కానివ్వండి, తర్వాత వాదించుకుందాం.

మాది గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్. నేను బాపు అని పిలిచే మా నాన్న బొగ్గుబాయిలో, అంటే గనిలో, కార్మికుడు. నాకు డిగ్రీ అయిపోయింది కానీ పని దొరకలేదు. వచ్చిందల్లా గిటారే. కరీంనగర్‌లో సుధాకరన్న అనే ఆయన పెళ్ళిళ్ళకూ కాలేజీ ఫంక్షన్లకూ వాయించే బ్యాండు నడిపేవాడు. అందులో ఆయనతో పాటు గిటార్ వాయించేవాడు మానేశాడని తెలిసింది. ఆ చోటు నాకు రాకపోతే మామయ్య కిరాణా దుకాణంలో కూర్చోబెడతానని బాపు అప్పటికే మాటిచ్చేశాడు. అంటే నా బతుకు గిటార్‌కూ కందిపప్పుకూ మధ్య ఊగుతోందన్నమాట.

సుధాకరన్నకు ఒక పట్టింపు ఉంది. ఫోన్లోనే చెప్పేశాడు. "కొత్త గిటార్ల జీవముండదు తమ్మీ. రంగు పోవాలె, అంచులు అరగాలె. ఎన్నేండ్లు వాయించిన్రో కండ్లకు కనవడాలె. నీది ఎసొంటిది?"

"పాతదే అన్నా. మస్తు పాతది" అన్నాను. దాని ప్లాస్టిక్ కవరు ఇంకా మా మంచం కిందే ఉంది.

ఇది మోసం అంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. మోకాళ్ళ దగ్గర చిరిగిన ప్యాంటు కొన్నప్పుడు మీరేమైనా మోకాళ్ళ మీద ఊరంతా పాకారా? పెద్ద పెద్ద కంపెనీలే కొత్త గిటార్లను కావాలని అరగదీసి మరీ ఎక్కువ ధరకు అమ్ముతుంటాయి. కొనేవాళ్ళు పిచ్చివాళ్ళేం కాదు. తళతళలాడే గిటార్ ఒళ్ళో ఉంటే అత్తారింట్లో కొత్త అల్లుడిలా బిగుసుకుని కూర్చోవాలి. ఎక్కడ గీత పడుతుందోనన్న భయంతోనే పాట అయిపోతుంది. అదే అరిగినదైతే లుంగీ కట్టుకుని మనింట్లో మనం కూర్చున్నట్టు ఉంటుంది. మెడ వెనక వార్నిష్ పోయి, దాని మీద బొటనవేలు హాయిగా జారుతుంటే ఆ సుఖం వాయించినవాడికే తెలుస్తుంది.

అందుకే మొదలుపెట్టాను. మెడ వెనక ఉప్పుకాగితంతో రుద్దాను. మోచెయ్యి ఆనే చోట రంగు పోయేదాకా గీకాను. తెల్లటి ప్లాస్టిక్ ముక్కలకు టీ డికాషన్ పట్టించాను. అంచుల మీద తాళంచెవుల గుత్తితో దెబ్బలు వేశాను. సందుల్లో బొగ్గుపొడి కూరాను, మా ఇంట్లో దానికి కరువేముంది! అంతా అయ్యాక చూస్తే నా గిటార్ నాకంటే వయసులో పెద్దదిగా కనిపించింది. దాన్ని చూస్తూ అన్నం కూడా మరిచిపోయాను.

తెల్లారితే సుధాకరన్న దగ్గరికి పోవాలనగా, క్షవరం చేయించుకుని ఇంటికొచ్చేసరికి గిటార్ లేదు.

"అవ్వా, నా గిటార్ ఏది?" అని అమ్మను అడిగాను.

"మీ బాపు పట్టుకవోయిండు."

"ఏడికి?"

"కరీంనగర్. దుకాణపోడు కొత్తదని చెప్పి పాత డొక్కు అంటగట్టిండని అగ్గిమీద గుగ్గిలమైండు. ఒక్కడే పోలే. పొద్దుగాల షిఫ్టు దిగినోళ్ళందర్ని జీపెక్కిచ్చుకపోయిండు. యూనియన్ జెండ గూడ పట్టుకపోయిన్రు."

వెంటనే ఫోన్ అందుకున్నాను. ఫోన్ చేస్తే బాపు ఎత్తాడు కానీ నా మాట ఆయనకు వినపడలేదు. నాకు మాత్రం అంతా వినపడింది.

"పాత గిటార్ వాపస్ తీస్కోవాలె!"

"తీస్కోవాలె! తీస్కోవాలె!"

క్వార్టర్లో నల్లా నీళ్ళు రాకపోయినా, బాయిలో పంపు చెడినా మావాళ్ళకు తెలిసిన మందు ఒకటే, తలుపు ముందు బైఠాయించడం. గిటార్‌కూ అదే వేశారు.

సాయంత్రం బాపు దిగాడు. చేతిలో మిలమిలలాడే కొత్త గిటార్.

"కొత్తదే ఇచ్చిన అని ఒట్టు వెట్టుకుండు బిడ్డా. కొత్తదైతే గీ రంగెట్ల వోయింది, గీ చెక్కెట్ల లేచింది అని అడిగిన. దెబ్బకు గీ కొత్తది చేతిల వెట్టిండు!"

"బాపు, అది..."

"నువ్వు పరేషాన్ గాకు. నేనున్న గద."

నా కోసం అంతమందిని వెంటేసుకుని పోయిన మనిషి ముఖం వెలిగిపోతుంటే నిజమెలా చెప్పను? ఆ మెరిసే గిటార్‌ను రెండు చేతులా అందుకున్నాను.

మర్నాడు కొత్త వార్నిష్ వాసన కొడుతున్న గిటార్‌తో సుధాకరన్న ముందు నిలబడ్డాను.

"ఇదేంది తమ్మీ, మస్తు పాతదంటివి?"

"బాపు మార్చిండన్నా."

"అయ్యో, అసొంటిది ఇడిసిపెడ్తరా? గిది చూడు. నిన్న పొద్దుగూకినంక దుకాణంల గోడకు కనవడ్డది. కొత్తదానికన్న ఎక్కువిచ్చి తెచ్చుకున్న."

అది నా గిటారే! నా టీ మరకలు, నా తాళంచెవుల దెబ్బలు!

సుధాకరన్న మోచెయ్యి ఆనే చోటును భక్తిగా నిమిరాడు. "ఎవ్వరో మహానుభావుడు జిందగీ అంత గీడ చెయ్యి ఆనిచ్చి వాయించిండు."

మహానుభావుడు ఎదురుగానే నిలబడి గుటకలు మింగుతున్నాడు.

"జర దీని మీద వాయించు."

వాయించాను. ఆ మెడను నా బొటనవేలికి తగ్గట్టే కదా నేను రుద్దింది! వేళ్ళు సొంతింట్లో తిరిగినట్టు తిరిగాయి. కళ్ళు మూసుకుని విన్న అన్న, పాట అయ్యాక "రాబొయ్యే పెండ్లికి వచ్చెయ్" అన్నాడు. కందిపప్పు తప్పిందని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

నా మొదటి ప్రోగ్రాం చూడటానికి బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. కాసేపటికి ఆయన చూపు సుధాకరన్న చేతిలో గిటార్ మీద పడింది. వద్దు వద్దని నేను తల ఊపాను. పాటలో లీనమై ఊపుతున్నాననుకున్నాడేమో, నేరుగా స్టేజీ ఎక్కేశాడు.

"గదే డొక్కు! సార్, నీగ్గూడ అంటగట్టిండా ఆ దుకాణపోడు?"

పాట ఆగిపోయింది.

"ఫికర్ చెయ్యకు సార్. రేపే మనోళ్ళను తోల్కస్త. కొత్తది ఇచ్చేదాక లేచేది లేదు. మా పోరనికి గట్లనే ఇప్పిచ్చిన!"

సుధాకరన్న తన గిటార్‌ను చూశాడు. నా గిటార్‌ను చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"ఎవరు గీకిన్రు దీన్ని?"

"నేనే అన్నా."

బాపు నోరు తెరిచాడు. "బాయిల దిగి దిగి నా టోపీ గట్లయింది. నీ గిటార్ ఏ బాయిల దిగిందిర?"

పోయే ఉద్యోగం ఎలాగూ పోతుంది కదా అని తెగించాను.

"అన్నా, చేతిల ఒదిగిందా లేదా?"

"ఒదిగింది."

"వాయిస్తే మంచిగున్నదా లేదా?"

"ఉన్నది."

"మరి దానికి ఏండ్లుంటే ఏంది, లేకుంటే ఏంది?"

పెళ్ళివాళ్ళు అరుస్తుంటే మళ్ళీ పాట ఎత్తుకున్నాం. భోజనాల దగ్గర సుధాకరన్న వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. లెక్క తేల్చడానికే అనుకుని విస్తరిలోకి తల దించుకున్నాను. ఆయన అటూ ఇటూ చూసి నా చెవిలో అన్నాడు.

"తమ్మీ, ఇంట్ల ఇంకో గిటార్ ఉన్నది. మరీ కొత్తగ మెరుస్తున్నది. జర చూస్తవా?"

చూశాను. ఆ తర్వాత ఎన్నింటినో చూశాను, ఇప్పటికీ చూస్తూనే ఉన్నాను. అయినా ఆరు తీగల సాక్షిగా, ఉప్పుకాగితం మీద చెయ్యి వేసి ఇదే నా ప్రతిజ్ఞ: కొత్త గిటార్‌ను ముసలిదాన్ని చేసే ఘోరానికి ఇంకెన్నడూ ఒడిగట్టను, బాపుకు ముందే చెప్పకుండా.