భోజనాల దగ్గర చెప్పిన నిజం

డిసెంబరు వచ్చిందంటే నాకు విదేశీ సినిమాల పిచ్చి పట్టుకుంటుంది. అన్నీ ఒకే మూసలో పోసినట్టు ఉంటాయి. అబ్బాయి వాళ్ళది ఒక దేశం, అమ్మాయి వాళ్ళది ఇంకో దేశం. పండక్కి రెండు కుటుంబాలూ ఒక పొడవాటి బల్ల చుట్టూ చేరతాయి. మొదట నవ్వులు, తర్వాత మూతి విరుపులు. ఒకరు ఇంకొకరి దేవుణ్ణో కూరనో ఒక మాట అంటారు. అప్పుడు ఆ ఇంటి కోడలో మనవరాలో లేచి, అందరూ దాచుకుంటున్న నిజాన్ని అందరి ముందూ బయటపెట్టేస్తుంది. కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ తర్వాత ముసలాయన గొంతు సవరించుకుని, ఆ గిన్నె ఇటు జరపమంటాడు. ఇక కౌగిలింతలు, మంచు, పాట. నేను ముక్కు చీదుకుంటాను. ఏటా ఇదే తంతు.

మా అత్త, అంటే నా భర్త వాళ్ళమ్మ, హిందూపురంలో మా ఇంటికి వచ్చినప్పుడు నా పక్కనే కూర్చుని ఆ సినిమాలు చూసేది. మాటలు అర్థం కావు కాబట్టి నేను అక్కడక్కడా చెబుతుండేదాన్ని. ఆమె ముప్పై ఏళ్ళు పెనుకొండ దగ్గర ఒక హాస్టల్లో వంటమనిషిగా చేసి మానేసిన మనిషి. కథ మీద కన్నా గిన్నెల మీదే ఆమెకు చూపు. అంతలావు కోడిని అట్లే నిలువునా కాలిస్తే లోపలికి ఉప్పేం పడుతుంది అని గొణిగేది. చివర్లో తెర మీద వాళ్ళంతా ఏడుస్తుంటే, ఇంతకీ ఇదంతా ఎవరు వండారో చెప్పనేలేదే అని అడిగేది. వాళ్ళ దగ్గర ఆ సంగతి పట్టించుకోరత్తా అని నవ్వేసేదాన్ని. చదువుకున్నానన్న పొగరు నాది.

మా ఇళ్ళల్లో పట్టించుకునేది ఆ సంగతే. మాది కనగానపల్లి దగ్గర పల్లె, తాతల నాటి నుంచి భూములున్న ఇల్లు. నా భర్త వాళ్ళు పెనుకొండ క్రైస్తవులు. వాళ్ళ పెద్దలు మాలాంటి వాళ్ళ పొలాల్లో కూలి చేసి బతికారు. మేమిద్దరం ధర్మవరంలో బి.ఇడి. చదువుతూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం. నాయన అరిచి గోల చేయలేదు, కత్తులు నూరలేదు. రెండేళ్ళు పలకడం మానేశాడు, అంతే. అమ్మ పోయాక నన్ను ఒక్కడే పెంచిన మనిషి, ఎన్నాళ్ళని ఉండగలడు? హిందూపురానికి పనిమీద వస్తే మా ఇంటికీ రావడం మొదలుపెట్టాడు. అల్లుణ్ణి "ఏమప్పా, బాగుండావా" అని పలకరించేవాడు. కుర్చీలో కూర్చుని గంటసేపు వేరుశనక్కాయ ధర గురించి మాట్లాడేవాడు. అన్నం పెడతానంటే మాత్రం బస్టాండులో తినొచ్చానని చెప్పేవాడు. నీళ్ళు కూడా సీసాలో తనే తెచ్చుకునేవాడు. బస్టాండు హోటల్లో వండినవాడి కులమేమిటో ఆయన ఏనాడూ అడిగి ఉండడు. ఆ మాట నా నోటి చివరిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. ఆరేళ్ళు అట్లాగే గడిచాయి. నాయన నా అత్తింట్లో ఒక్క పూట కడుపునిండా తింటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకునే స్థితికి వచ్చాను.

పోయిన ఏడాది దసరా నుంచే పోరు పెట్టాను. క్రిస్మస్ రోజున పెనుకొండకు రావాలి, అందరం ఒకచోట కూర్చుని తినాలి అని. చూద్దాంలే అంటూ వచ్చాడు. డిసెంబరు మొదట్లో ఒకరోజు తనే ఫోన్ చేసి, ధర్మవరంలో ఏ బస్సు ఎక్కితే బాగుంటుందని అడిగాడు. ఫోన్ పెట్టేసి, నేను పాఠాలు చెప్పే బడి వరండాలోనే ఏడ్చాను.

ఈ సంగతి చెబితే అత్త సంతోషపడలేదు. భయపడింది. ఆయన్ని ఏమని పిలవాలి అన్నది ఆమె మొదటి ప్రశ్న. వియ్యంకుడు కదా, అన్నా అని పిలువు అన్నాను. మేం రెండు రోజుల ముందే పెనుకొండ వెళ్ళాం. అత్త ఇంటికి సున్నం కొట్టించింది. నేను నా సినిమా పిచ్చితో సప్లయర్స్ వాళ్ళ దగ్గర పొడుగాటి బల్ల అద్దెకు తెచ్చి నడింట్లో వేయించాను. ఆమె పనులు చేసుకుంటూ "రాండన్నా, కూర్చోండన్నా" అని తనలో తను అనుకోవడం నేను విన్నాను. పండగనాడు మమ్మల్ని చర్చికి పంపి తను వెళ్ళలేదు. నాకు తెలిసి ఆమె క్రిస్మస్ ఆరాధన మానడం అదే మొదటిసారి. మేం తిరిగొచ్చేసరికి నాటుకోడి పులుసు, అలసంద వడలు, బొబ్బట్లలాంటి ఓళిగలు, రాగి సంగటి అన్నీ తయారుగా ఉన్నాయి.

పన్నెండు దాటాక నాయన వచ్చాడు. ఉతికిన తెల్ల పంచె, చేతిలో ఆపిల్ పండ్ల సంచి. అత్త వాకిట్లోకి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది. "రాండి సామీ" అంది. నేర్చుకున్న అన్నా ఎటు పోయిందో పోయింది. ఆ వెంటనే నేను కలలో కూడా అనుకోని మాట అంది.

"వంట మీవాళ్ళదే సామీ. ధర్మవరం నుంచి వంటాయన్ను పిలిపిచ్చినాము. నేను పొయ్యికాడికే పోలేదు."

నా భర్త వైపు చూశాను. అతను నేల చూపులు చూస్తున్నాడు. తల్లీ కొడుకూ ముందే అనుకున్నారని అప్పుడర్థమైంది. నాయన ముఖం మాత్రం విచ్చుకుంది. ఎందుకమ్మా అంత శ్రమ పడ్డారు అన్నాడు, ఆమెతో కాదు, నాతో.

ఆ రోజు నాయన తిన్న తీరు నేను మరిచిపోలేను. చొక్కా చేతులు పైకి మడుచుకుని, సంగటి పులుసులో అద్దుకుని, నా చిన్నప్పుడు మా ఇంట్లో నేల మీద కూర్చుని తిన్నట్టే తిన్నాడు. అల్లుడితో జోకులేశాడు. పులుసు మళ్ళీ పోయమని కంచం నా వైపు జరిపాడు. "యాడ పట్టుకొచ్చినారమ్మా ఈ వంటాయన్ను? అచ్చం మీ అమ్మ చేసినట్టుండాది" అన్నాడు నాతో. వంటింటి గడప మీద అత్త నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె అవమానం దిగమింగుతోందనుకున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్ళు ఊరి పిల్లలకు అన్నం వండి పెట్టిన మనిషి, తన సొంత ఇంట్లో, లేని వంటవాడికి వచ్చిన మెప్పును గడప దగ్గర నిలబడి వినాలా?

కోపం ఒక్కటే అయితే ఆపుకునేదాన్నేమో. ఇదే సమయం అనిపించింది నాకు. బల్ల ఉంది, రెండు కుటుంబాలున్నాయి, ముసలాయన కడుపు చల్లగా ఉంది. ఇప్పుడు చెబితే ఆయన ఒక క్షణం ఆగి నవ్వేస్తాడని, ఇన్నేళ్ళ బరువు ఒక్కసారిగా దిగిపోతుందని నిజంగా నమ్మాను. అన్ని సినిమాలు చూసినదాన్ని మరి.

"నాయనా, వంటాయన ఎవరూ రాలేదు. ఇదంతా మా అత్త వండింది" అన్నాను.

నాయన చెయ్యి ఆగింది. నా వైపు చూడలేదు. చేతిలోని ముద్దను మెల్లగా కంచంలో పెట్టాడు. ముందే చెప్పి ఉండాల్సింది అన్నాడు. గొంతులో కోపం లేదు. లేచి పెరట్లోకి వెళ్ళాడు. చెయ్యి కడుక్కోవడానికి అనుకున్నాం. బాత్రూము గోడ వెనక నుంచి వాంతి చేసుకుంటున్న చప్పుడు వచ్చింది. ఒకసారి కాదు. ఆగడం, మళ్ళీ మొదలవడం. గొంతులో వేలు పెట్టుకుంటున్నాడని ఇంట్లో ఉన్న ముగ్గురికీ తెలుస్తూనే ఉంది.

అత్త చెంబుతో నీళ్ళు పట్టుకుని గబగబా నడిచి, పెరటి వాకిట్లో ఆగిపోయింది. వెనక్కి వచ్చి, మూత తీయని నీళ్ళ సీసా ఒకటి నా చేతికిచ్చింది. నేను తీసుకెళ్ళాను. నాయన పుక్కిలించి, ముఖం కడుక్కుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఎవరినీ నొప్పించాలని చేయలేదమ్మా. ఒళ్ళు ఒప్పుకోలా" అన్నాడు. నేను నమ్మాను. ఆయన మొండికేసి ఉంటే పోట్లాడేదాన్ని. ఆ మాటతో ఎవరు పోట్లాడగలరు?

రెండు గంటల బస్సుకు వెళ్ళిపోయాడు. నా భర్త బండి మీద బస్టాండులో దించి వచ్చి, బల్ల మడిచి గోడకు చేరేశాడు. ఆ తర్వాత నాయన మా ఇంటికి రాలేదు. ఫోన్ చేస్తాడు, ఆ వైపు వాన పడిందా అని అడుగుతాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఈ సంగతి నేను బయట ఎవరికీ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం అత్త పెరట్లో కూర్చుని నాయన తిన్న కంచం తోముతోంది. నేను పక్కన చతికిలబడి, నీ చేతి వంట తింటూ ఇంకొకణ్ణి మెచ్చుకుంటుంటే చూడలేకపోయానత్తా అన్నాను. నీకోసమే చెప్పాను అన్నాను. నా మాటలు నాకే చెడ్డగా వినబడ్డాయి. ఆమె కంచం తిప్పి అడుగువైపు తోమింది.

"రెండోసారి పోయించుకున్నాడు గదమ్మా" అంది. "మీ అమ్మ చేసినట్టుండాదన్నాడు. ఆ మాట ఎవరికి దక్కిందో నాకు తెలుసు, చాలనుకున్యా. దాన్ని గూడా కక్కిపిచ్చినావు."

నేను కంచం అందుకోబోయాను. ఆమె ఇవ్వలేదు.