ఏడు లోపాల కుర్చీ

మొన్న మధ్యాహ్నం పాత సామాను కొనే వ్యాపారి ఒకడు మా వరండాలోకి వచ్చి, నేను కూర్చున్న కుర్చీ చుట్టూ రెండుసార్లు తిరిగి, కాలు వంకరగా ఉందనీ, లోపల చెద పట్టి ఉంటుందనీ, ఇంత పాతది ఈ రోజుల్లో ఎవరిక్కావాలనీ వరసగా చెప్పుకొచ్చాడు. అప్పజెబుతున్న పాఠం వినే పంతులులా కళ్లు మూసుకుని విన్నాను, ఎందుకంటే ఆ పాఠం నాది.

అప్పట్లో, అంటే పంతొమ్మిది వందల ఇరవైలలో, రంగూనులోని చిమిండైంగ్ బజారులో మాకు లుంగీల కొట్టు ఉండేది. నాకు ఇరవై ఏళ్లు వచ్చిన ఏడు, నాన్న రేవు మెట్లమీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఎముక అతుక్కుంది గానీ, నేలమీద పరుపేసుకుని కూర్చుని బేరాలు చేసే రోజులు పోయాయి. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుని, గంజి రెండు గుక్కలు తాగి చాలనేవారు. నలుగురి మొహాలూ కనబడితే ఆయన బతుకుతారని అమ్మ నమ్మకం. అందుకు కొట్టు ముందు వెయ్యడానికి చేతులున్న ఎత్తయిన కుర్చీ కావాలి.

అలాంటిది మా వెనకవీధిలో ఒక బర్మా పెద్దావిడ ఇంట్లో ఉంది. చనిపోయిన తన భర్తకి ఆయన తాత నుంచి వచ్చిందట. చూడగానే మనసు పారేసుకున్నాను, కానీ కొట్లమధ్య పెరిగినవాణ్ణి కనక ఆ సంగతి పైకి తేలనివ్వకుండా లోపాలు ఎంచడం మొదలుపెట్టాను. పేము అల్లిక తెగింది, కాళ్లూ చేతులూ అతికే కుసులు వదులయ్యాయి. ఈ రెండూ నిజం. అక్కడితో ఆగితే నేను నేనెలా అవుతాను? చెద, వంకర కాలు, చేతిలో బీట, పాత వాసన, కూర్చుంటే నడుం పట్టెయ్యడం అని ఏడు లెక్కజెప్పి, జాలి కోసం నాన్న జబ్బు కూడా బేరంలో కలిపి, వద్దులే అమేజీ, అంటే పెద్దమ్మా, అని మెట్లు దిగాను. మా బజారులో ఇలా దిగడానికో నడక ఉంది. కాళ్లు ముందుకి, చెవులు వెనక్కి. పది అడుగుల్లోపు పిలుపు రావాలి. రాలేదు. వీధి చివర చెప్పు సర్దుకునే నెపంతో ఆగినా రాలేదు.

మూడు రోజులు పౌరుషానికి పోయాను. ఈలోగా నాన్న గంజి కూడా మానేశారు. నాలుగోరోజు పరుగున వెళ్తే కుర్చీ ఉన్నచోటు ఖాళీ. ఆవిడ తప్పు చేసినదానిలా చేతులు నలుపుకుంటూ, “జబ్బు మనిషి కూర్చునేది కదా, అన్ని లోపాలున్నది ఎలా అమ్మను నాయనా? బాగుచెయ్యమని వడ్రంగికి పంపాను” అంది.

నేను వెళ్లేసరికి వడ్రంగి కుర్చీని విప్పి, ముక్కలు చాపమీద పరిచి, నా కోసమే కాచుకున్నాడు.

“నాకు రెండే దొరికాయి. ఆవిడ ఏడూ బాగుచెయ్యమంది. మిగతావి మీరే చూపించండి. ముందు ఆ చెద చూడాలనుంది, టేకులో నేనెప్పుడూ చూళ్లేదు.”

“అవి బేరంలో మాటలు సయా” అన్నాను, పనితనం ఉన్నవాణ్ణి అక్కడ గురువని పిలిచే మాటతో.

“అలాగా. అయితే ఆ అయిదింటికీ పని మీరే చెయ్యండి” అని ఉప్పు కాగితం చేతికిచ్చాడు.

మూడు పూటలు రుద్దాను. గుడ్డ కొలవడం తప్ప ఎరగని నా చేతులు బొబ్బలెక్కాయి గానీ, ఏళ్లనాటి మసి కింద నుంచి తేనెరంగు చెక్క బయటపడుతుంటే లేవబుద్ధి కాలేదు. కర్ర గీత వెంట రుద్దమని ఆయన చెబుతూనే ఉన్నా, తొందరలో అడ్డంగా రుద్ది కుర్చీ ఎడమచేతి మీద గాట్లు పెట్టాను. ఆయన కుసులు బిగించి, పేము కొత్తగా అల్లాడు. పెద్దావిడకి తను మొదట చెప్పిన ధరే ఇచ్చి, మరమ్మతు ఖర్చు కూడా తీసుకోమంటే, మీ నాన్నని కూర్చోబెట్టు, వచ్చి చూస్తాను, అదే చాలంది. అన్నట్టే వచ్చి చూసింది.

నాన్న కుర్చీలో సర్దుకుని, దాని రెండు చేతులూ తడిమి, “ఏట్రా, ఎంతకి కొట్టావు?” అన్నారు. చెప్పాను.

“ఆయమ్మ అడిగినంతా ఇచ్చీసినావా? ఇంక నాను సావడానికి నేదు. కొట్టు నీ సేతిలో ఎడితే ఏటి మిగుల్తాది?”

ఆ పూట అన్నం అడిగి మరీ తిన్నారు. తర్వాత పదకొండేళ్లు ఆ కుర్చీలోంచే నన్ను తిట్టారు. ఆ తిట్లన్నింటికీ నేను ఆ పెద్దావిడకే రుణపడి ఉన్నాను.

మొన్నటి వ్యాపారికి ఎడమచేతి మీది గాట్లు కనబడనే లేదు. కుర్చీకి ఉన్న అసలు లోపం అదొక్కటే, అది నేను పెట్టినదే. అతను వద్దులెండి అంటూ మెట్లు దిగాడు, అదే నడక. ఆనాడు ఆవిడ నా మాటలన్నీ నమ్మి పిలవలేదు. నేను ఇతని మాట ఒక్కటీ నమ్మక పిలవలేదు. వీధి మలుపు దగ్గర అతను చెప్పు సర్దుకోవడానికి ఆగితే, నవ్వు వచ్చింది గానీ, ఆవిడలా నమ్మడం నాకింకా రాలేదని తోచి ఎంతోసేపు నిలవలేదు.